ఏది అడవి?

ఒళ్లో చేట ఉంటుంది. చేటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం ఉంటాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎంతోమంది ఆడవాళ్లు ఇంటి పని చేసుకుంటూనే బీడీలు చుడతారు. ఆ ఆకు పేరు తునికాకు. సర్కారు కాగితాల్లో దీన్నే అబ్నూస్ ఆకు అని కూడా రాస్తారు.

తునికాకు కోసం ఎవరూ నారు పోయరు. నీళ్లు పెట్టరు. తునికి చెట్టు అడవిలో దానంతట అదే మొలుస్తుంది. అంటే చేటలోని ఆకు అడవి నుంచి వచ్చింది. పొయ్యిలోని కట్టె, పండుగనాటి మోదుగ పువ్వు, వేసవిలో పిల్లలు తినే మొర్రి పండు కూడా అక్కడినుంచే వచ్చాయి.

సారంగాపూర్ మండలం జగిత్యాల జిల్లాలో ఉంది. 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడింది. అంతకు ముందు ఇదంతా కరీంనగర్ జిల్లా. సారంగాపూర్‌లో ఒక దిక్కు వరి పొలాలు, మామిడి తోటలు. ఇంకో దిక్కు గుట్టలు, అడవి. ఉత్తరంగా పోతే బీర్‌పూర్. ఆ తరువాత గోదావరి. గోదావరి దాటితే జన్నారం. అక్కడ కవ్వాల్ అడవి ఉంది. 1965లో దాన్ని అభయారణ్యం చేశారు. 2012లో పులుల కోసం ప్రత్యేకంగా కాపాడే అడవిగా ప్రకటించారు.

"అడివేదో మాకు తెల్వదా? చిన్నప్పటి సంది కట్టెలకు పోతనే ఉన్నం" అని ఏ అవ్వయినా అంటుంది. నిజమే, ఆమెకు తెలుసు. కానీ అదే గుట్టను చూసి అటవీ శాఖ సారు ఒక మాట చెబుతాడు. తాసిల్దారు ఆఫీసు రికార్డు ఇంకో మాట చెబుతుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం మరో మాట చెబుతుంది. ఎవరి మాట చెల్లుతుందో దాన్నిబట్టే కట్టెల మోపు తప్పా, హక్కా అన్నది తేలుతుంది. మేకలు అటు పోవచ్చా లేదా అన్నది తేలుతుంది. దున్నుకుంటున్న చెలకకు పట్టా వస్తుందా రాదా అన్నదీ తేలుతుంది.

అందుకే "ఏది అడవి?" అనే ప్రశ్న చిన్నది కాదు. ప్రపంచంలో దీనికి వందల జవాబులున్నాయి. వాటిలో ముఖ్యమైనవి నాలుగు రకాలు.

ప్రపంచం లెక్క

ఐక్యరాజ్య సమితిలో ఆహార, వ్యవసాయ సంస్థ అని ఒకటి ఉంది. దాని పెద్ద ఆఫీసు ఇటలీ దేశంలోని రోమ్ నగరంలో ఉంది. ఏ దేశంలో ఎంత అడవి ఉందో ఈ సంస్థ లెక్క కడుతుంది. లెక్క కట్టాలంటే కొలత కావాలి. గింజలు కొలవడానికి శేరు, సోలెడు ఉన్నట్టు అడవికీ ఒక కొలత పెట్టింది. ఆ కొలతలో మూడు మాటలున్నాయి.

మొదటిది నేల. అర హెక్టారు కంటే ఎక్కువ ఉండాలి. మన లెక్కలో ఇది సుమారు ఎకరం తొమ్మిది గుంటలు.

రెండోది ఎత్తు. చెట్లు 5 మీటర్ల కంటే ఎక్కువ పెరగాలి. అంటే 16 అడుగులు దాటాలి. ఇప్పుడు చిన్నగా ఉన్నా, రేపు అంత ఎత్తు పెరిగేవయితే చాలు.

మూడోది నీడ. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చూడాలి. నేలను పది పాళ్లు చేస్తే, ఒక పాలు కంటే ఎక్కువ నేల మీద చెట్ల నీడ పడాలి. దీన్నే నూటికి పది వంతులు అంటారు.

ఈ మూడూ ఉన్నా ఆ నేల పంట కోసం వాడుకునేదయితే అది అడవి కాదు. కాబట్టి ఈ సంస్థ లెక్కలో మామిడి తోట అడవి కాదు. ఆయిల్ పామ్ తోట కూడా అడవి కాదు. కానీ రబ్బరు తోట అడవే. కలప కోసం వరుసల్లో నాటిన చెట్లు కూడా అడవే. ఒక అడవిని నరికేసినా, మళ్లీ అక్కడ చెట్లు పెరగనిస్తారనుకుంటే ఆ బోడి నేలను కూడా అడవి కింద రాస్తారు.

ఈ లెక్క ప్రకారం 2025లో ప్రపంచం మొత్తం మీద సుమారు 414 కోట్ల హెక్టార్ల అడవి ఉంది. భూమి మీద నేలను మూడు పాళ్లు చేస్తే, ఒక పాలు కంటే కొంచెం తక్కువ అన్నమాట. అందులో సగానికి పైగా అయిదు దేశాల్లోనే ఉంది. అవి రష్యా, బ్రెజిల్, కెనడా, అమెరికా, చైనా.

మన దేశం లెక్క

మన దేశంలో అడవిని లెక్క కట్టే సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది. పేరు భారత అటవీ సర్వే సంస్థ. 1987 నుంచి ఇది నివేదికలు ఇస్తోంది. మనుషులు ఊరూరా తిరిగి చెట్లన్నీ లెక్కపెట్టలేరు. అందుకని ఉపగ్రహం ఆకాశం నుంచి బొమ్మలు తీస్తుంది. ఆ బొమ్మల్లో చెట్ల పచ్చదనం ఎంత దట్టంగా ఉందో చూస్తారు. కొన్ని చోట్లకు పోయి సరిచూసుకుంటారు.

ఇక్కడ కొలత కొంచెం వేరు. నేల ఒక హెక్టారు ఉండాలి. అంటే సుమారు రెండున్నర ఎకరాలు. నూటికి పది వంతులు గాని, అంతకు మించి గాని చెట్ల నీడ ఉండాలి. ఆ నేల ఎవరిదన్నది అడగరు. సర్కారుదయినా, రైతుదయినా ఒకటే. ఏ చెట్టు అన్నది కూడా అడగరు.

నీడను బట్టి నాలుగు పేర్లు పెట్టారు.

నూటికి 70 వంతులు, ఆ పైన నీడ ఉంటే చాలా దట్టమైన అడవి.
40 నుంచి 70 వంతుల లోపు ఉంటే మధ్యస్థ అడవి.
10 నుంచి 40 వంతుల లోపు ఉంటే పలచని అడవి.
10 వంతుల కంటే తక్కువ ఉంటే పొదల నేల. దీన్ని అడవి లెక్కలో కలపరు.

2023 నివేదిక ప్రకారం మన దేశంలో ఇలాంటి అడవి 7,15,343 చదరపు కిలోమీటర్లు. దేశం నేలలో నూటికి 22 వంతులకు కొంచెం తక్కువ. అందులో తెలంగాణది సుమారు 21 వేల చదరపు కిలోమీటర్లు. దేశంలో మూడో వంతు నేల అడవులతో, చెట్లతో ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది.

ఇక మామిడి తోట సంగతి చూద్దాం. జగిత్యాల వైపు మామిడికి పెట్టింది పేరు. ఒకచోట రెండున్నర ఎకరాలకు మించిన మామిడి తోట ఉందనుకోండి. చెట్లు బాగా గుబురుగా ఉన్నాయి. రోమ్ నగరంలోని సంస్థను అడిగితే "ఇది తోట, అడవి కాదు" అంటుంది. మన ఉపగ్రహం లెక్కను అడిగితే "నీడ ఉంది, అడవి కిందికే వస్తుంది" అంటుంది. తోట అదే, చెట్లు అవే. కొలత మారింది కాబట్టి జవాబు మారింది.

దీంతో ఏం నష్టం? ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక దిక్కు వంద ఎకరాల పాత అడవి పోయింది. ఇంకో దిక్కు వంద ఎకరాల తోట వచ్చింది. నీడ అంతే ఉంటే నివేదికలో అడవి తగ్గినట్టు కనిపించదు. కానీ తోటలో తునికాకు లేదు. ఇప్పపువ్వు లేదు. తోట చుట్టూ కంచె ఉంది. తోటకు యజమాని ఉన్నాడు. కట్టె పుల్ల ఏరుకుందామన్నా ఆయనను అడగాలి. లెక్కలో అడవి తగ్గలేదు. ఆకు ఏరే అక్కకు మాత్రం వంద ఎకరాలు తగ్గింది.

కాగితం మీది అడవి

మూడో జవాబు చట్టానిది. ఇది చెట్టును చూడదు, కాగితాన్ని చూస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. దాదాపు వెయ్యేళ్ల కింద ఇంగ్లాండులో రాజులు వేటాడుకోవడానికి కొంత నేలను పక్కన పెట్టుకున్నారు. దానికి "ఫారెస్టు" అని పేరు పెట్టారు. ఆ నేలలో పొలాలుండేవి, ఊళ్లుండేవి. చెట్లు లేని బయలు కూడా ఉండేది. అయినా అదంతా ఫారెస్టే. ఎందుకంటే అక్కడ రాజుగారి చట్టం నడిచేది. జింకను కొడితే శిక్ష పడేది. ఆ మాటే తరువాత మన దేశానికి వచ్చింది. "ఫారెస్టోళ్లు వచ్చిన్రు" అని మన ఊళ్లలో అనే మాటలో ఆ పాత మాటే ఉంది. పెద్దవాళ్లు ఇప్పటికీ "జంగలాతోళ్లు" అంటారు.

నిజాం కాలంలో మన వైపు హైదరాబాద్ అడవుల చట్టం ఉండేది. దాన్ని 1355 ఫస్లీలో చేశారు. తరువాత 1967లో ఆంధ్రప్రదేశ్ అడవుల చట్టం వచ్చింది. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ చట్టమే తెలంగాణ పేరు మీద నడుస్తోంది. దేశంలో చాలా చోట్ల 1927 నాటి భారత అడవుల చట్టం ఉంది.

ఈ చట్టాల్లో ముఖ్యమైన మాట రిజర్వు అడవి. రిజర్వు అడవిలో సర్కారు వీలిచ్చిన పనులే చేయాలి. అనుమతి లేకుండా చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం, పశువులను మేపడం, దున్నడం నేరం. రక్షిత అడవి అని ఇంకో మాట ఉంది. అందులో కట్టడి కొంచెం తక్కువ. సర్కారు వద్దన్న పనులు తప్ప మిగతావి చేసుకోవచ్చు. 1927 చట్టంలో గ్రామ అడవి అనే మాట కూడా ఉంది. సర్కారు కొంత రిజర్వు అడవిని ఊరికి అప్పగిస్తే అది గ్రామ అడవి.

ఒక నేలను రిజర్వు అడవి చేయాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు "ఈ హద్దుల లోపలి నేలను రిజర్వు చేయాలనుకుంటున్నాం" అని సర్కారు ప్రకటించాలి. 1967 చట్టంలో ఇది 4వ సెక్షన్. అప్పుడు ఊళ్లో చాటించాలి. అందులో మా పొలం ఉంది, మా బాట ఉంది, మా పశువులు మేస్తాయి అని చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. ఒక అధికారి అన్నీ విని తేల్చాలి. ఆ తరువాతే 15వ సెక్షన్ కింద రిజర్వు అడవి అని ఖాయంగా ప్రకటించాలి.

గడువు లోపల దరఖాస్తు పెట్టాలంటే, చాటింపు కాగితంలో ఏముందో తెలియాలి. చదువు రానివాళ్లు అప్పుడు ఏం చేయగలరు? కాగితం వచ్చింది, గోడకు అంటింది, వానకు తడిసింది. గడువు దాటింది. తాతలనాడు దున్నిన చెలక కాగితం మీద అడవి అయింది. దేశంలో ఎన్నో ఊళ్లలో జరిగిన కథ ఇదే.

కాగితం అడవికీ, కంటికి కనిపించే అడవికీ ఎంత తేడా? 2023 నివేదికలోనే జవాబుంది. రికార్డుల్లో అడవి అని రాసి ఉన్న నేల సుమారు 7 లక్షల 75 వేల చదరపు కిలోమీటర్లు. అందులో చెట్ల నీడ ఉన్న అడవి సుమారు 5 లక్షల 20 వేలు మాత్రమే. మిగతా అడవి సుమారు 1 లక్ష 95 వేల చదరపు కిలోమీటర్లు. అది రికార్డు అడవికి బయట ఉంది. అంటే చెట్లు లేని "అడవి" ఉంది. అడవి పేరు లేని చెట్ల గుంపులూ ఉన్నాయి.

కోర్టు ఏమన్నది?

1980లో పార్లమెంటు అటవీ సంరక్షణ చట్టం చేసింది. అడవి నేలను గనికో, ఫ్యాక్టరీకో, మరో పనికో ఇవ్వాలంటే రాష్ట్రం ఒక్కటే నిర్ణయించకూడదు, కేంద్రం ముందుగా ఒప్పుకోవాలి అని ఆ చట్టం చెప్పింది. మరి అడవి నేల అంటే ఏది? రిజర్వు చేసిందేనా?

1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. గోదావర్మన్ అనే ఆయన వేసిన కేసు అది. అడవి అనే మాటకు నిఘంటువులో ఏ అర్థం ఉందో అదే తీసుకోవాలని కోర్టు అన్నది. నిఘంటువు అంటే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం. దాంతో పాటు రికార్డులో అడవి అని రాసి ఉన్నదంతా, యజమాని ఎవరైనా సరే, అడవే అన్నది. కట్టెలకు పోయే అవ్వ చూసే చూపుకు ఈ తీర్పు దగ్గరగా ఉంది.

2023లో పార్లమెంటు ఈ చట్టాన్ని మార్చింది. చట్టం ప్రకారం అడవిగా ప్రకటించిన నేలకు, 1980 అక్టోబరు 25 నుంచి సర్కారు రికార్డులో అడవి అని ఉన్న నేలకు మాత్రమే ఈ చట్టం వర్తించేలా చేసింది. దీని మీద కొందరు సుప్రీంకోర్టుకు పోయారు. 2024 ఫిబ్రవరి 19న కోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. కేసు తేలేదాకా 1996లో చెప్పిన అర్థాన్నే పాటించాలన్నది.

ఈ తగాదా ఢిల్లీలోనే లేదు. 2025 మార్చి చివరలో హైదరాబాదులో జరిగింది. అక్కడ కంచ గచ్చిబౌలి అనే చోట విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల నేల ఉంది. దాన్ని ఐటీ కంపెనీల కోసం చదును చేయడం మొదలయింది. ఇది రెవెన్యూ భూమి, రికార్డుల్లో ఎప్పుడూ అడవి కాదు అని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. చెట్లున్నాయి, జింకలున్నాయి, నెమళ్లున్నాయి, ఇది అడవే అని విద్యార్థులు అన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. ఆ లోపలే చాలా చెట్లు కూలిపోయాయి. పోయిన పచ్చదనాన్ని మళ్లీ ఎలా తెస్తారో చెప్పాలని కోర్టు ఆ తరువాత రాష్ట్రాన్ని అడిగింది.

కంచ అంటే మన వైపు అందరికీ తెలుసు. పశువులు మేసే పొదల నేల. అది అడవా, కాదా? ఆ మాట మీదనే అంత పెద్ద కేసు నడిచింది.

చెట్లను బట్టి అడవుల రకాలు

ఎంత అడవి అన్నది ఒక ప్రశ్న. ఎలాంటి అడవి అన్నది ఇంకో ప్రశ్న. అడవి తీరు వానను బట్టి, ఎండను బట్టి, చలిని బట్టి మారుతుంది.

ఏడాది పొడుగునా వానలు పడే చోట చెట్లు ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. బ్రెజిల్‌లో అమెజాన్ నది పక్కన, ఆఫ్రికాలో కాంగో నది పక్కన, ఇండోనేషియాలో ఇలాంటి అడవులున్నాయి. ప్రపంచంలోని అడవిలో సుమారు సగం వేడి దేశాలదే.

రష్యా, కెనడా ఉత్తర భాగాల్లో చలి ఎక్కువ. నెలల తరబడి మంచు ఉంటుంది. అక్కడి చెట్ల ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి. మంచు వాటి మీద నిలవదు, జారిపోతుంది.

సముద్రం పక్కన ఉప్పు నీళ్లలో పెరిగే అడవులూ ఉన్నాయి. వాటిని మడ అడవులంటారు. కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవి ఉంది. తుఫాను వచ్చినప్పుడు అలల జోరును ఇవి తగ్గిస్తాయి.

మరి సారంగాపూర్ అడవి ఏ రకం? మన దగ్గర వానలు నాలుగు నెలలే. తరువాత నేల ఎండిపోతుంది. ఆకుల నుంచి నీళ్లు ఆవిరై పోతాయి. అందుకే నీళ్లు దొరకని కాలంలో చెట్టు ఆకులు రాల్చుకుంటుంది. ఖర్చు తగ్గించుకుని బతుకుతుంది. చలి దేశాల్లో చెట్లు చలికి ఆకు రాలిస్తే, మన చెట్లు ఎండకు రాలుస్తాయి. శిశిరంలో బోడిగా కనిపించే అడవి చచ్చిపోయిన అడవి కాదు. నీళ్లు దాచుకుంటున్న అడవి. అప్పుడే మోదుగ ఎర్రగా పూస్తుంది. ఆ వెంటనే ఇప్ప పూస్తుంది.

ఇలాంటి అడవిని ఆకురాల్చే ఎండు అడవి అనవచ్చు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, మొర్రి, ఉసిరి ఇందులో పెరుగుతాయి. ఛాంపియన్, సేఠ్ అనే ఇద్దరు అటవీ శాస్త్రవేత్తలు 1968లో మన దేశపు అడవులను 16 పెద్ద రకాలుగా విడగొట్టారు. ఇప్పటికీ ఆ పద్ధతినే వాడుతున్నారు. మన అడవికి అందులో చోటుంది.

ఒక సంగతి గమనించాలి. ఈ అడవి స్వభావం ఉపగ్రహం లెక్కకు కూడా చిక్కు తెస్తుంది. వేసవిలో బొమ్మ తీస్తే ఆకులే ఉండవు. అందుకని చెట్లు ఆకులతో ఉన్న కాలంలో, వానలు తగ్గాక తీసిన బొమ్మలను వాడుతారు.

బతుకును బట్టి అడవి

నాలుగో జవాబు అడవి మీద బతికేవాళ్లది. వాళ్లకు అడవి అంటే చెట్ల లెక్క కాదు. ఏ నెలలో ఏం దొరుకుతుందన్న లెక్క.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదల మొదళ్లు కొడతారు. నెలన్నరకు లేత చిగురు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు తెంపుతారు. తెల్లవారక ముందే పోవాలి. ఎండ ముదరక ముందే రావాలి. యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. కల్లంలో అప్పజెబుతారు. కట్టకు ఇంత అని కూలి ఇస్తారు. ఆకు వ్యాపారం మీద 1971 నుంచి సర్కారు అజమాయిషీ ఉంది. అటవీ శాఖ ఆకు యూనిట్లను వేలం వేస్తుంది. ఎండలో తెంపేవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. ఇంట్లో కూర్చుని చుట్టేదీ ఆడవాళ్లే.

ఈ బతుకును కూడా చట్టంలో రాయడానికి చాలా కాలం పట్టింది. 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఊరివాళ్లు పాడైన అడవిని కాపాడాలి, ఫలితంలో వాటా తీసుకోవాలి అన్నది పద్ధతి. ఇంటికి ఇద్దరు సభ్యులు. అందులో ఒకరు ఆడమనిషి. పక్కనున్న నేపాల్ దేశంలో 1993లో ఇంకా పెద్ద అడుగు వేశారు. చట్టం చేసి అడవులను ఊరి సంఘాలకే అప్పగించారు. అక్కడ ఇప్పుడు 22 వేలకు పైగా సంఘాలున్నాయి.

మన దేశంలో 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఈ చట్టం అడవి అనే మాటకు చాలా వెడల్పయిన అర్థం ఇచ్చింది. రిజర్వు అడవి, రక్షిత అడవి, అభయారణ్యం, హద్దులు వేయని అడవి, అన్నీ ఇందులోకి వస్తాయి. అడవిలో తరతరాలుగా బతుకుతున్నవాళ్లకు అన్యాయం జరిగిందని ఆ చట్టం మొదట్లోనే ఒప్పుకుంది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి నేల దున్నుకుంటున్న గిరిజనులకు 4 హెక్టార్ల దాకా హక్కు వస్తుంది. గిరిజనులు కానివాళ్లు మూడు తరాల నుంచి, అంటే 75 ఏళ్ల నుంచి, అక్కడే ఉంటూ అడవి మీద బతుకుతున్నట్టు చూపాలి.

హక్కు పత్రంలో భార్య పేరు, భర్త పేరు రెండూ రాయాలి. ఒంటరి ఆడమనిషి ఇంటి పెద్ద అయితే ఆమె పేరు మీదే ఇవ్వాలి. ఈ నేలను అమ్మడానికి వీల్లేదు. పిల్లలకు మాత్రం వస్తుంది.

హక్కున్నవాళ్లు తునికాకు, వెదురు, తేనె, ఇప్పపువ్వు లాంటివి తెచ్చుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

దరఖాస్తులను ముందు చూసేది గ్రామసభ. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి.

చట్టంలో ఉన్నదంతా చేతికి రాలేదు. చాలా దరఖాస్తులు తిరిగి వచ్చాయి. 75 ఏళ్ల రుజువు తెమ్మంటే కాగితం ఎక్కడిది? గిరిజనులు కాని పేదలకు ఇదే పెద్ద అడ్డం. కానీ దరఖాస్తు తిరిగి వస్తే ఎందుకు వచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం అందిన తరువాత 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ఆ 60 రోజుల లెక్క ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉండాలి.

ఏ మాట ఎక్కడ పనికొస్తుంది?

నాలుగు జవాబులూ అవసరమే. ప్రపంచం లెక్క దేశాలను పోల్చడానికి పనికొస్తుంది. ఉపగ్రహం లెక్క పచ్చదనం పెరిగిందా, తగ్గిందా చూడడానికి పనికొస్తుంది. చట్టం కాగితం అడవిని గనుల నుంచి, కబ్జాల నుంచి కాపాడడానికి పనికొస్తుంది. హక్కుల చట్టం అడవి మీద బతికేవాళ్లను కాపాడడానికి పనికొస్తుంది. ఒక కొలతను ఇంకో చోట వాడితేనే చిక్కు. నీడ ఉంది కదా అని తోటను చూపి అడవి పెరిగిందంటే సరికాదు. చెట్లు లేవు కదా అని కంచను పనికిరాని నేల అనడమూ సరికాదు. ఆ కంచలో మేకల మంద బతుకుతోంది.

అడవి అంచున ఉన్న బోర్డు మీద కొన్ని అక్షరాలు ఉంటాయి. రిజర్వు అడవి అని ఉందా, అభయారణ్యం అని ఉందా చదవాలి. రెండింటి నియమాలు ఒకటి కావు. ఎవరైనా జరిమానా వేస్తే రసీదు అడగాలి. రసీదు మీద ఏ తప్పుకు వేశారో, ఎంత వేశారో, ఏ తేదీనో చదవాలి. ఊళ్లో అడవి హద్దుల గురించి సర్వే జరుగుతుంటే గ్రామసభకు పోవాలి. తీర్మానం చదివి వినిపించమని అడగాలి. ఆ తరువాతే సంతకం చేయాలి.

"ఇన్నేండ్లు ఏలుముద్ర ఏసినం. ఏం రాసిన్రో ఎవలు చెప్పలే" అని చాలామంది ఆడవాళ్లు అంటుంటారు. ఇప్పుడు ఆ కాగితంలోని అక్షరాలు వాళ్లకు తెలుసు.

కొత్త మాటలు

హెక్టారు: సుమారు రెండున్నర ఎకరాలు.
ఉపగ్రహం: భూమి చుట్టూ తిరుగుతూ బొమ్మలు తీసే యంత్రం.
రిజర్వు అడవి: సర్కారు చట్టం ప్రకారం ప్రకటించి, కట్టడి పెట్టిన అడవి.
అభయారణ్యం: అడవి జంతువులకు భయం లేకుండా కాపాడే అడవి.
నిఘంటువు: మాటల అర్థాలు చెప్పే పుస్తకం.
తీర్మానం: సభలో అందరూ కలిసి ఒప్పుకుని రాసుకున్న మాట.

మాట్లాడుకోండి

1. మీ ఊరి పక్కన అడవి ఉందా? అక్కడ బోర్డు ఉంటే దాని మీద ఏమని రాసి ఉంది?
2. మీ అమ్మ కాలంలో అడవి నుంచి ఏమేం తెచ్చేవారు? ఇప్పుడు ఏమేం దొరుకుతున్నాయి? రెండు వరుసలుగా రాయండి.
3. మామిడి తోటను అడవి లెక్కలో కలపాలా, వద్దా? ఎందుకు?
4. మీ ఊళ్లో గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది? ఆడవాళ్లు ఎంతమంది వచ్చారు?